నాలుగు చేతుల గుంజ

ఆషాఢ శుద్ధ తదియ

ఈ నెల కాలవ చూసే వంతు నాది. నాలుగిళ్ళవాళ్ళం కలిసి తవ్వించుకున్న సొంత కాలవ ఇది, సర్కారుది కాదు. అయినా పోటు ఆఫీసుకి దీని సంగతి రోజూ రాసి పంపాల్సిందే. పోయిన నెల వంతు వెస్లీ మాష్టారిది. ఆయన నెల పొడుగునా "అంతా క్షేమం" అని రాసి ఊరుకున్నారు. ఈ నూకరత్నానికి అంత మంచితనం లేదని ఆఫీసువాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది.

పొద్దున కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుని చూశాను, ఉప్పు లేదు. ఇంటి స్తంభాలకి పట్టిన గుల్లలు గీకాను. తెప్పల మీద పెంచుతున్న వరి నారుకి నీడ గుడ్డలు కప్పాను. ఆ తర్వాత నా పంటు, అదే నారు మోసే బల్లకట్టు, తీసుకుని బయల్దేరితే, కాలవ ఏట్లో కలిసే మొగ దగ్గర ఎవరిదో పడవ అడ్డంగా ఉంది. ముక్కు మా ఉమ్మడి గుంజకి కట్టి ఉంది, తోక అవతలి గట్టు ఇసుకలో దిగబడి ఉంది. మధ్యలోంచి బాతు కూడా దూరదు. పడవలో మనిషి లేడు.

విప్పి పక్కకి తొయ్యకపోయారా అని ఎగువ జిల్లాలవాళ్ళైతే అడుగుతారు. ఇవి లంకలు. ఒకరు కట్టిన తాడు ఇంకొకరు విప్పే ఆచారం ఇక్కడ లేదు. పెద్ద ఉప్పెన నాడు ఒకడు తాళ్ళు విప్పితే, మనుషులున్న పడవ సముద్రం పాలైంది. ఆ తర్వాత వచ్చినవన్నీ చెయ్యి తెలిసిన తాళ్ళే. కట్టిన చెయ్యి తగిలితేనే వదులవుతాయి. వేరే చెయ్యి తాడు మీద గాని పడవ మీద గాని పడిందా, బిగుసుకుపోయి లంకంతా వినపడేట్టు కూత పెడతాయి. ఆ కూత పెట్టించిన మనిషి మళ్ళీ నలుగురిలో తలెత్తుకోలేడు.

కాబట్టి పంటు మీద కూర్చుని తిట్టుకున్నాను. పాటు తీసింది, నీళ్ళు దిగిపోయాయి, పంటు బురదలో కూలబడింది. మళ్ళీ పోటు వచ్చేదాకా నేనూ అక్కడే కూలబడ్డాను; ఎండకి కునుకు పట్టి లేచేసరికి పడవ వెళ్ళిపోయింది.

పంచమి

నిన్నా అదే పడవ, ఇవాళా అదే పడవ. ఇవాళ మాత్రం పోటు ఎక్కకముందే మొగ దగ్గరికి పోయి కాపు కాశాను. పడవ తనంతట తానే మెల్లగా వచ్చి ఆగింది. అందులోంచి పెద్దాయన ఒకడు దిగాడు. చేతులు మోచేతుల దాకా ఉప్పుకి పగిలి ఉన్నాయి. ఉమ్మడి గుంజకి తాడు కడుతుంటే పట్టుకుని కడిగేశాను. కాలవ లోపల అంత చోటుండగా ఈ మొగకే అడ్డం పెట్టాలా, ఇవతల నాలుగిళ్ళవాళ్ళు మనుషుల్లాగా కనిపించడం లేదా అని అడిగాను. ఆయన విని, తాడు కట్టడం పూర్తిచేసి, అప్పుడు తలెత్తాడు.

"లోపల ఎవరి గుంజ నన్ను కట్టనిత్తాదమ్మా? ఇదొక్కటే నలుగురిదీ. నలుగురూ వద్దంటే గాని వద్దనదు."

పేరు అడిగాను. లోవరాజు అన్నాడు.

లంకల్లో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. ఉప్పెన నాడు తాళ్ళు విప్పింది అతనే. ప్రతి ఇంటి ముందూ ఉండే గుంజకి కూడా చేతులు తెలుసు. ఎవరిని కట్టనివ్వాలో, ఎవరిని వద్దనాలో ఆ ఇంటివాళ్ళు చెయ్యి వేసి చెప్పుకుంటారు. లోవరాజు చేతిని వద్దని చెప్పని ఇంటి గుంజ ఈ లంకల్లో లేదనే అందరి నమ్మకం. మా ఇంటిదీ అంతే, మా అత్తగారి కాలంలో చెప్పింది చెప్పినట్టే ఉంది.

అతను మొగ పక్కనే ఉన్న ఏటి గట్టు కింది సొరంగాల్లో పని చేస్తాడు. మేం తాగే నీళ్ళు వడపోసే జల్లెళ్ళు ఆ సొరంగాల్లోనే ఉన్నాయి. పోటు మీద లోపలికి పోవాలి, తలుపులు పడిపోతాయి, పాటు తీస్తే గాని తెరుచుకోవు. ఆ ఉప్పులో నానే పనికి ఇంకెవరూ రారు. ఇన్నాళ్ళూ పడవని నడి ఏట్లో లంగరేసి గట్టుకి ఈదుకుంటూ పోయేవాడట. ఇప్పుడు భుజం పట్టేసింది, ఈత పడటం లేదన్నాడు. చెప్పడం కూడా నన్నేమీ అడగకుండానే చెప్పాడు.

పాపం అనిపించింది. కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకేసారి రావడం నాకు అలవాటే.

అష్టమి

ఇవాళ నారు తెప్పల చుట్టూ తిరుగుతూ గడిపాను. ఆకు పచ్చగా, నిటారుగా ఉంది. నిలబడి చూస్తే ఆకలి కూడా వెయ్యడం లేదు.

ఈ నారు సంగతి రాయాలి. సముద్రం ఒడ్డునున్న చివరిలంకలో మూడు పంటలుగా వరి లేదు. ఏం నాటినా ఉప్పుకి మాడిపోయింది. నా నారు ఆ ఉప్పుకి తట్టుకుంటుందని ఏడేళ్ళుగా ఒక్కో గింజా ఏరి పెంచుతున్నాను. చివరికి వాళ్ళు సరేనన్నారు. ఈసారి కూడా పోతే ఊరు ఖాళీ చేసి ఎగువకి పోతామని, ఇది ఆఖరి ప్రయత్నమని పెద్దలు చెప్పారు. బహుళ విదియ నాడు నారు అక్కడుండాలి. అంతకుముందు వద్దు, మళ్ళలో ఉప్పు ఇంకా కడుగుతున్నారు. ఆ తర్వాత నా వల్ల కాదు, ఎందుకంటే మొగ దగ్గర ఇసుక మేట ఉంది. పౌర్ణమి వెంట వచ్చే పెద్ద పోటుకే నిండు పంటు ఆ మేట దాటుతుంది. విదియ దాటితే పోటు బలం తగ్గిపోతుంది, మళ్ళీ అమావాస్య దాకా ఆగాలి. అప్పటికి నారు ముదిరి పనికిరాకుండా పోతుంది.

ఈ లెక్కంతా బుర్రలో తిరుగుతుండగా సాయంత్రం తాతబ్బాయి గారు అరుచుకుంటూ వచ్చారు. రెండో ఇల్లు ఆయనది, రొయ్యల వ్యాపారం. పడవ అడ్డం ఉండి బుట్టెడు రొయ్యలు కుళ్ళిపోయాయట. వెస్లీ మాష్టారు రెండు రోజులు బడికి ఆలస్యంగా వెళ్ళారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని ఆయన కూడా ఏదో ఒకటి చెయ్యాలమ్మా అన్నారు. చెయ్యడానికి ఉన్నది ఒకటే. నలుగురం ఉమ్మడి గుంజ మీద చేతులు వేసి అతని చేతిని వద్దనడం.

దశమి

మూడు చేతులు పడ్డాయి. నాలుగోది పడలేదు.

నాలుగో చెయ్యి అచ్చాయమ్మ పిన్నిది. కాలవ చివర ఇల్లు. అసలీ కాలవ ఉందంటే ఆవిడ వల్లే. ఒకరి మొహం ఒకరు చూసుకోని నాలుగు కుటుంబాలని కూర్చోబెట్టి, ఎవరి వాటా మట్టి వాళ్ళచేత తవ్వించిన మనిషి. ఇప్పటికీ గాలి వాసన చూసి పోటు ఎంత ఎక్కుతుందో చెబుతుంది, ఆఫీసువాళ్ళ యంత్రం కంటే ముందు చెబుతుంది. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఇక్కడ రాయడానికి నాకేం సిగ్గు లేదు.

ఆవిడ దగ్గరికి ఈ పని మీద వెళ్ళడం అంత తేలిక కాదు. ఉప్పెన నాడు సముద్రంలోకి పోయిన పడవలో ఆవిడ భర్త ఉన్నారు. అప్పటినుంచి ఆవిడ ముందు ఉప్పెన మాట గాని, లోవరాజు పేరు గాని ఎవరూ ఎత్తరు. మా అమ్మలూ ఎత్తలేదు, మేమూ ఎత్తం. అందుకని ఎవరో పడవవాడు అన్నాను, పేరు మింగేశాను. చెయ్యి వేసి వద్దందాం రా పిన్నీ అన్నాను.

ఆవిడ చేపలు కడుగుతోంది. కడుగుతూనే, నేను వెయ్యనే అంది. ఎందుకని అడిగితే, వద్దనడానికి నా చెయ్యి రాదు అంది. ఇంకో చేప అందుకుంది. ఆ పడవవాడు ఎవరో తెలియక జాలి పడుతోంది, తెలిస్తే ముందు ఆవిడే వేస్తుంది అనుకున్నాను. అలాగని నా నోటితో ఆ పేరు చెప్పి ఆవిడ గుండె కోయలేను. ఉసూరుమంటూ తిరిగొచ్చాను.

పౌర్ణమి

ఇక మిగిలింది బతిమాలుకోవడమే. పొద్దున లోవరాజు వచ్చేసరికి మొగ దగ్గరున్నాను. నారు సంగతీ, చివరిలంక సంగతీ మొత్తం చెప్పాను. అతను మొదటిసారి నా మొహంలోకి చూశాడు. చివరిలంకలో మళ్ళీ వరా అని అడిగాడు. విదియ నాడు పనికి రాను, మొగ ఖాళీగా ఉంటుంది అన్నాడు. మాట మీద నిలబడే మనిషిలాగే ఉన్నాడు.

నారు ట్రేలన్నీ పంటు మీదకి ఎక్కించడం మొదలుపెట్టాను. నడుము విరిగిపోతోంది. మా ఆయన సముద్రం మీద గాలిమరల పనిలో ఉన్నాడు, పండక్కి గాని రాడు. తాతబ్బాయి గారు వచ్చి సాయం పట్టారు, అడక్కుండానే.

బహుళ విదియ

లేచి కాఫీ పెట్టుకుని నోట్లో పోసుకుంటే ఉప్పు. వాంతి వచ్చేంత ఉప్పు. కుళాయి తిప్పితే సముద్రమే వస్తోంది. నాలుగిళ్ళలోనూ అంతే, లంకలన్నిటా అంతేనని పోటు ఆఫీసు గంట మోగింది. గట్టు సొరంగంలో జల్లెడ చిరిగిందట.

నాకు వెంటనే లోవరాజు గుర్తొచ్చాడు. పరిగెత్తాను. మొగకి అడ్డంగా ఆ పడవ. జల్లెడ చిరిగితే రాకుండా ఎలా ఉంటాడు? ఎక్కే పోటు మీద వచ్చి, కట్టేసి, లోపలికి దూరిపోయాడు. వెస్లీ మాష్టారు గట్టు మీదకి పోయి సొరంగం తలుపు బాదారు. పాటు తీస్తే గాని ఆ తలుపు తెరుచుకోదు. పాటు తీశాక అతను బయటికొస్తే మాత్రం ఏం లాభం? మేట మీద నీళ్ళుండవు.

పోటు నిండింది. ఇంకాసేపట్లో దిగడం మొదలవుతుంది. వెనక నిండు పంటు, దాని మీద ఏడేళ్ళ నారు, ముందు అడ్డంగా పడవ. నాకు ఏడుపొచ్చింది. కత్తిపీట తెచ్చి తాడు కోసేస్తానన్నాను. కూత పెడితే పెట్టనీ, జన్మంతా నన్ను వెలేస్తే వెయ్యనీ అన్నాను. తాతబ్బాయి గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

అచ్చాయమ్మ పిన్ని ఎప్పుడొచ్చిందో చూడలేదు. నడుముకి కొంగు బిగించి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. తాడు వంక చూడటం లేదు, గుంజ వంక చూస్తోంది.

"తాడు అతనిది. గుంజ మనది. మన గుంజ మనం పీక్కుంటే ఎవరు కాదంటారే?"

నాలుగు చేతులూ పడితే ఆ గుంజ అడుగున బురద పట్టు వదిలేస్తుంది. మరమ్మతుకని ఒకసారి అలా తీశాం కూడా. తాడూ విప్పక్కర్లేదు, పడవా ముట్టుకోనక్కర్లేదు. గుంజ ఎటు పోతే పడవ దాని వెంట అటు వస్తుంది. ఇన్ని రోజులుగా మేమంతా తాడు గురించే కొట్టుకున్నాం. గుంజ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ బుర్రకి దణ్ణం పెట్టాలి.

నేను చెయ్యి వేశాను. మాష్టారు వేశారు. తాతబ్బాయి గారు మాత్రం పీకి ఎక్కడ పాతుతారని అడిగారు. గుంజ ఎక్కడ నాటితే అతను రేపట్నుంచి అక్కడే కడతాడు, ఎవరింటి ముందు పెట్టుకుంటారు అన్నారు. తప్పు పట్టలేం, అందరి మనసులో ఉన్న మాటే అది.

మా ఇంటి ముందు అంది పిన్ని.

అప్పుడు తాతబ్బాయి గారు నోరు జారారు. అతనెవరో నీకు తెలియదు పిన్నీ అన్నారు. మాష్టారు ఆయన్ని మోచేత్తో పొడిచారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"లోవరాజని నాకు తెలీదేంట్రా? మీరే చెప్పలేదు గాని, నాకు కళ్ళున్నాయి. నేను ఏడుత్తానని ఎవరూ నా ముందు ఆ మాటెత్తరు. ఎత్తుంటే చెప్పేదాన్ని. ఆ రోజు ఏటొడ్డున పడవలన్నీ, ఎక్కి కూర్చున్న మాతో సహా, పొట్టి తాళ్ళతో కట్టేసున్నాయి. నీళ్ళు లేత్తన్నాయి, పడవలు లేవట్లేదు, ముక్కు కిందకి పోతన్నాయి. అందరూ గట్టెక్కి పారిపోతంటే ఆ కుర్రోడొక్కడే పీకల్లోతు నీళ్ళలో దిగి ఒక్కో తాడూ విప్పుకుంటా వచ్చేడు. మీ బాబాయున్న పడవ సముద్రంలోకి పోయింది. నేనున్న పడవ తుమ్మల్లో చిక్కుకుని ఆగింది. రెండూ ఆ చెయ్యి విప్పిన తాళ్ళే. మిగిలిన పడవలూ అంతే, అందులోవాళ్ళంతా బతికేరు. లోకం ఒక్క తాడు గురించే చెప్పుకుంది. రెండో తాడుకి సాక్ష్యం నేనే కదరా."

తాతబ్బాయి గారి అమ్మ కూడా ఆ రోజు పడవల్లోనే ఉందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఏ పడవ, ఎవరు విప్పారు అని ఆ ఇంట్లో ఎప్పుడూ అనుకోలేదు కాబోలు. ఆయన చెయ్యి చాచి గుంజ మీద పెట్టారు. దాని మీద పిన్ని చెయ్యి పెట్టింది.

గుంజ గుడగుడమంటూ బురదలోంచి లేచింది. నలుగురం చంకల్లో ఇరికించుకుని లోపలికి నడిచాం. తాడు బిగుసుకోలేదు, కూత పెట్టలేదు. అవతలి గట్టు ఇసుకలోంచి తోక ఊడి, పడవ బుద్ధిగా మా వెనకే వచ్చింది. ఆవిడ మెట్ల ముందు గుంజ దించాం. దానంతట అది మళ్ళీ బురద పట్టుకుంది. మొగ ఖాళీ అయింది.

ఇక నేను పంటు మీదకి పరిగెత్తాను. నీళ్ళు అప్పటికే దిగుతున్నాయి. మేట మీదకి వచ్చేసరికి పంటు అడుగు ఇసుకకి గీసుకుని ఒక్క క్షణం ఆగిపోయింది. ఇంతేనా అనుకున్నాను. అంతలో ఏటి కెరటం ఒకటి ఎత్తింది, అవతల పడ్డాం.

విదియ, సాయంత్రం

చివరిలంకవాళ్ళు నారు కోసం నడుం లోతు నీళ్ళలోకి ఎదురొచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు కూడా వచ్చారు. ట్రేలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందుకుంటూ గట్టు ఎక్కించారు. మళ్ళలో మొదటి వరస నాటేదాకా నిలబడి చూశాను. ఆ ఊరి కుళాయి తిప్పుకుని తాగితే నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఎవరు బాగుచేశారో వాళ్ళకి చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఏమీ అనలేదు. అననీ మాననీ, నేను చెప్పాను.

పోటు మళ్ళీ ఎక్కడం మొదలైంది, ఖాళీ పంటుకి మేట అడ్డు కాదు కాబట్టి పొద్దుండగానే తిరిగొచ్చాను. మొగ దగ్గర గట్టు మీద లోవరాజు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా తెల్లగా ఉప్పు చారలు. గుంజ ఉండే చోట ఖాళీ నీళ్ళ వంక చూస్తున్నాడు. నేను పంటు ఆపగానే లేచి నిలబడ్డాడు. నారు చేరిందా అని అడిగాడు. చేరింది, నాటుతున్నారు అన్నాను.

"మంచిదమ్మా. ఇయ్యాల రానన్నాను, మాట తప్పేను. నా పడవ విప్పేసేరు, పర్లేదు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు విప్పుతారని నాకు తెలుసు."

కోపం లేదు ఆ గొంతులో. ఎవరు విప్పారని కూడా అడగలేదు. కళ్ళతో చూస్తే గాని నమ్మడనిపించింది. చెయ్యి పట్టుకుని పంటు ఎక్కించాను. కాలవ లోపలికి వస్తుంటే అతను రెండు పక్కలా ఇళ్ళ వంక చూడకుండా తల దించుకుని కూర్చున్నాడు.

చివర మలుపు తిరిగాక చూడమన్నాను. తల ఎత్తాడు. పిన్ని మెట్ల ముందు గుంజ, గుంజకి తాడు, తాడుకి పడవ. అతను కట్టిన ముడి అతను కట్టినట్టే ఉంది. దిగి, నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి ముడి మీద చెయ్యి వేశాడు. తాడు ఆ చెయ్యి గుర్తుపట్టి మెత్తబడింది. ఎవరూ విప్పలేదని అప్పుడు నమ్మాడు.

విప్పుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళబోయాడు కూడా. పిన్ని దీపం పట్టుకుని మెట్ల మీదకి వచ్చింది.

"నా తాడు విప్పినోడివి, నా గుంజకి కట్టుకోడానికి మొహమాటమేంటి లోవరాజూ? కట్టేసి రా. అన్నం చల్లారిపోతంది."

అతను వంగి, వదులైన తాడు మళ్ళీ గుంజకి చుట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ వేస్తున్నాడు కాబట్టి ఆ ఒక్క ముడికి చాలాసేపు పట్టింది.